మూసీ వరదకు లెక్క తీసిన విశ్వేశ్వరయ్య

కంభం దగ్గరి మోక్షగుండం నుంచి ఒక తెలుగు కుటుంబం కన్నడనాటికి వలస వెళ్లింది. ఆ వంశంలో, ముద్దెనహళ్లిలో పుట్టినవారే మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఊరు మారినా ఇంటిపేరు, ఇంట్లో తెలుగు నిలిచాయి. చిన్నతనంలోనే తండ్రి పోతే, ట్యూషన్లు చెప్పుకుంటూ బెంగళూరులో డిగ్రీ చదివారు. పుణెలో ఇంజనీరింగు పూర్తిచేశారు.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచింది. వేలమంది ప్రాణాలు పోయాయి. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. కట్టడాల మాట తర్వాత, ముందు లెక్క కావాలన్నది ఆయన పద్ధతి. ఎక్కడ ఎంత వాన పడింది, నదిలోకి ఎంత నీరు వచ్చింది అన్నవన్నీ రాబట్టారు. నగరానికి ఎగువనున్న 788 చెరువుల్లో 221 తెగాయని తేలింది. అంటే వాన నీటికి తెగిన చెరువుల నీరూ తోడై ఊరి మీద పడిందన్నమాట.

అందుకే వరదను నగరానికి పైనే ఆపాలని సూచించారు. ఆ సూచన మేరకు మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. నేటికీ అక్కడి నీటిమట్టం చూసుకునే గేట్లు ఎత్తుతున్నారు.

ఏటా సెప్టెంబరు 15న, ఇంజనీర్ల దినోత్సవం నాడు, మన బళ్లలో ఆయన పటానికి దండ వేస్తాం. ఈసారి ఆ 788, 221 అంకెలు కూడా బోర్డు మీద రాద్దాం. నూటికి ఎన్ని చెరువులు తెగాయో పిల్లల చేత తెలుగులోనే లెక్క కట్టిద్దాం.