పట్టా లేని బిషప్, పుస్తకాల పల్లె

గత నెల జనగామలో కాపరుల సహవాస కూటం జరిగింది. మానుకోట నుండి, భూపాలపల్లి బొగ్గు గనుల పక్కనున్న సంఘాల నుండి కూడా సేవకులు వచ్చారు. భోజనాల వేళ ఒక యువ కాపరి నా పక్కన కూర్చొని, మెల్లగా ఒక మాట అడిగాడు. బైబిలు కాక ఇంకేం చదవమంటారు అయ్యగారూ అని. ఎదురుగా కూర్చున్న పెద్దాయన ఒకరు వెంటనే అందుకున్నారు. పరిశుద్ధాత్మ బోధిస్తుండగా మనుషులు రాసిన పుస్తకాలు దేనికి అని ఆయన వాదన. కుర్రాడు తల వంచుకొని అన్నం కలుపుకున్నాడు. నేనూ అప్పుడేమీ అనలేదు. పెద్దవారి మాటకు పది మందిలో ఎదురు చెప్పడం ఇష్టం లేక ఊరుకున్నాను. ఆ ఊరుకోవడమే ఈ వారం నన్ను ఈ సంపాదకీయం రాయించింది.

చెరసాలలో మరణం కోసం ఎదురుచూస్తున్న పౌలు, తిమోతికి రాసిన రెండవ పత్రిక చివరలో ఏం తెప్పించుకున్నాడో మీకు తెలుసు. చలికి కప్పుకొనే అంగీతో పాటు పుస్తకాలు కూడా. మూడవ ఆకాశం దాకా ఎత్తబడినవానికి పుస్తకాలతో పనేమిటని ఆ పెద్దాయనను అడిగి ఉండాల్సింది. కానీ దానికంటే దగ్గరి సాక్ష్యం ఒకటి మన జిల్లాలోనే ఉంది. జనగామలో రైలెక్కి, కాజీపేటలో మారి, మానుకోట దాటితే డోర్నకల్ జంక్షన్ వస్తుంది. అక్కడ కథీడ్రల్ గుమ్మటాలు చూడని క్రైస్తవుడు మన ప్రాంతంలో తక్కువ. ఆ గుమ్మటాల వెనుక ఉన్న మనిషిని ఒక చదువరిగా, పుస్తకాల మనిషిగా తలచుకున్నవాళ్లు మాత్రం ఇంకా తక్కువ.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు తెలుగువారు కారు. 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి ప్రాంతంలోని వెళ్ళాలన్‌విళై అనే పల్లెలో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయగం ఆ ఊరి గురువు. కొడుక్కి పదిహేనేళ్లు రాకముందో వచ్చాకో ఆయన గతించారు, తల్లి ఎల్లెన్ పెంచింది. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివారు గాని, చివరి పరీక్షల సమయంలో జబ్బు పడ్డారు. పట్టా రాలేదు. మళ్ళీ పరీక్షకు కూర్చోలేదు కూడా. సెమినరీ సర్టిఫికెట్లను అద్దాల ఫ్రేముల్లో బిగించుకున్న నావంటి వాళ్ళు ఈ సంగతి దగ్గర కాసేపు ఆగాలి. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం పిలిచి గౌరవ డాక్టరేటు ఇచ్చింది ఆ పట్టా లేని మనిషికే.

1895లో వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా పనిలో చేరారు. మరుసటి సంవత్సరం అమెరికా నుండి వచ్చిన షేర్‌వుడ్ ఎడ్డీతో స్నేహం కుదిరింది, ఇద్దరూ దక్షిణ దేశమంతా తిరిగారు. 1902లో జాఫ్నా వెళ్ళినప్పుడు అక్కడి తమిళ క్రైస్తవులు సొంత డబ్బుతో మిషనరీలను పంపడం చూశారు. తిరునెల్వేలిలో అంతకంటే ఎక్కువమంది క్రైస్తవులున్నా, ఒక్కరిని కూడా బయటికి పంపలేదన్న సిగ్గు ఆయనను వదల్లేదు. 1903లో ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది, 1905 క్రిస్మసు రోజున సీరాంపూరులో నేషనల్ మిషనరీ సొసైటీ. తిరునెల్వేలి సొసైటీ ఎంచుకున్న పొలం నైజాం రాజ్యంలోని మానుకోట తాలూకా, అంటే మన డోర్నకల్. ఇతరులను పంపి తాను మద్రాసులో కూర్చోవడం ఆయనకు సయించలేదు. 1909లో అభిషేకం పొంది, కుటుంబంతో సహా వచ్చి ఇక్కడ దిగారు. అప్పటికి ఆయనకు ముప్ఫై అయిదేళ్లు. ఆ వయసులో తెలుగు అక్షరాలు దిద్దుకున్నారు.

ఎడింబరో సంగతి అందరికీ తెలిసినదే గనుక క్లుప్తంగా చెబుతాను. 1910లో జరిగిన ఆ ప్రపంచ మిషనరీ సభలో, తెల్ల మిషనరీలు భారతీయులకు ధనమూ శ్రమా త్యాగమూ ఇచ్చారు గాని సమానుడికిచ్చే స్నేహం ఇవ్వలేదని నిలబడి చెప్పారు. కొందరికి కోపం వచ్చింది. రెండేళ్లకే, 1912 డిసెంబరు 29న, కలకత్తా సెయింట్ పాల్స్ కథీడ్రల్‌లో ఆయన బిషప్పుగా ప్రతిష్ఠించబడ్డారు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు ఆయనే. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ ఎంతో వ్యతిరేకత మధ్య ఆయన పక్షాన నిలబడ్డారు.

ఇక నేను చెప్పదలచుకున్న విషయానికి వస్తాను. ఆ కాలంలో మన పల్లెల్లో రక్షణలోకి వచ్చినవారిలో ఎక్కువమంది మాలలు, మాదిగలు. ఊరి బావి, ఊరి దారి, ఊరి బడి వారికి లేవు. అక్షరం వారికి అందకుండా చేసిన తరాలు ఎన్నో. అలాంటి చోట ఒక బిషప్పు పుస్తకాల గురించి ఎందుకు పట్టించుకోవాలి? పాటలు నేర్పి, ప్రార్థనలు కంఠస్థం చేయిస్తే సరిపోదా? నిజమే, ఆయన అదీ చేశారు. ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు నోటికి రావాలని పట్టుబట్టారు. కథలను భజనల్లో, కోలాటాల్లో పాడించారు. బాప్తిస్మం పొందిన ప్రతివాడూ తన తలమీద తానే చెయ్యి పెట్టుకొని, సువార్త ప్రకటించకపోతే తనకు శ్రమ అని ఒప్పుకొనేలా నేర్పారు. కానీ అక్కడితో ఆగలేదు. పాడేవాడికి పాట నేర్పేవాడు ఉండాలి, ఆ నేర్పేవాడు చదవాలి అన్నది ఆయన లెక్క.

అందుకే పల్లె ఉపాధ్యాయుడి మీద ఆయన బరువంతా మోపారు. గూడెంలో ఒక పంతులు, పగలు పిల్లలకు బడి, రాత్రి పెద్దలకు ప్రార్థన. అలా కొన్నేళ్ళు నమ్మకంగా పనిచేసిన పంతుళ్లలో నుండి కొందరిని ఏరి, డోర్నకల్‌కు పిలిపించి, వేదాంత విద్య చెప్పించి గురువులుగా అభిషేకించారు. చదువు తెలుగులోనే. భర్తతో పాటు భార్యకు కూడా పాఠాలు. ఈ సంగతి ఇప్పటి మన సెమినరీలు మళ్ళీ ఆలోచించుకోవాలి. పాస్టరమ్మకు చదువు చెప్పని చోట పాస్టరు చదువు సగమే. 1935 నాటికి ఆ డయోసిస్‌లో దాదాపు 250 మంది భారతీయ గురువులు, రెండు వేలకు పైగా పల్లె ఉపాధ్యాయులు ఉన్నారు. వాళ్ళ చేతుల్లో పెట్టడానికి పుస్తకాలు కావాలి కదా. అందుకే అడవి అంచున, సింగరేణి బొగ్గు రైళ్లు తిరిగే ఆ ఊరిలో అచ్చుయంత్రం పెట్టారు. డోర్నకల్ మిషన్ ప్రెస్ అలా నడిచింది. ఆ వేదాంత పాఠశాల పరంపరే తరువాత 1964లో ఇతర సంఘాల కళాశాలలతో కలిసి, రాజమండ్రిలో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలగా మారి, ఆపైన హైదరాబాదుకు వచ్చింది. నాలాంటి వాళ్ళం ఎందరమో ఆ చెట్టు నీడనే పెరిగాం.

ఆయన సొంత చదువు ఎలాంటిదో ఆయన రాసిన పుస్తకాలే చెబుతాయి. తొలి శతాబ్దాల సంఘ చరిత్రను ఆధారం చేసుకొని, భారతదేశంలో సువార్త పనిని గురించి ఆయన పాఠాలు రాశారు. రోమా సామ్రాజ్యంలో బానిసలు, కూలీలు నమ్ముకున్న తీరు చదివినవాడికి డోర్నకల్ గూడేలు కొత్తగా అనిపించవు. చదివినది పాత కాలపు గ్రీకు, లాటిన్ సంఘాల గురించి, చూసినది మన పల్లెలను. వైట్‌హెడ్ గారితో కలిసి 1930లో భారత గ్రామాల్లో క్రీస్తు అన్న అర్థం వచ్చే పేరుతో ఇంగ్లీషులో ఒక పుస్తకం తెచ్చారు. ఆయన బిషప్పు అయిన 1912లోనే రోలండ్ అలెన్ అనే ఆంగ్లికన్ గురువు, పౌలు మిషనరీ పద్ధతులు వేరు, మన పద్ధతులు వేరు అని నిలదీస్తూ ఒక పుస్తకం ప్రచురించారు. స్థానిక సంఘాన్ని స్థానికులకే అప్పగించాలన్నది దాని సారం. పుస్తకంలో అలెన్ వాదించినదానిలో ఎంతో భాగం డోర్నకల్‌లో నేల మీద జరుగుతూ వచ్చింది. ఆ పుస్తకాన్ని, అజరయ్య గారి జీవితాన్ని పక్కపక్కన పెట్టుకొని చదవండి. ఇంగ్లీషు కాస్త వచ్చిన ప్రతి కాపరికి నేను చెప్పే మొదటి జత అదే.

కొందరికి మింగుడు పడని సంగతి ఒకటుంది, అదీ చెప్పాలి. హెరిటేజ్ ఆఫ్ ఇండియా అనే పుస్తకమాల ఒకటి వై.ఎం.సి.ఏ. వారి అసోసియేషన్ ప్రెస్ నుండి వచ్చేది. దాని సంపాదకులుగా జె.ఎన్. ఫర్‌క్వార్ గారి పేరుతో పాటు డోర్నకల్ బిషప్ అజరయ్య పేరు అచ్చయ్యేది. అందులో ఏమున్నాయి? తమిళ శైవ భక్తుల పాటలకు అనువాదం ఉంది. మరాఠా భక్తుల కీర్తనలున్నాయి. అశోకుడి చరిత్ర, భారత చిత్రకళ, సంగీతం ఉన్నాయి. 1920లలో పి. చెంచయ్య గారు, రాజా భుజంగరావు గారు కలిసి రాసిన తెలుగు సాహిత్య చరిత్ర కూడా ఆ మాలలోనిదే. ఆలోచించండి. లక్షల మందిని విగ్రహాల నుండి త్రిప్పిన బిషప్పు, పొరుగువాడి సాహిత్యాన్ని చవక ధరకు, గౌరవంతో అచ్చువేసే పనికి తన పేరు ఇచ్చాడు. మన నన్నయను, పోతనను, వేమనను ఇంగ్లీషు చదువరులకు పరిచయం చేసిన తొలి పుస్తకాల్లో ఒకటి డోర్నకల్ బిషప్ సంపాదకత్వపు వరుసలో నిలిచింది. వేమన పద్యం ఒక్కటీ రాకుండా మన పల్లెల్లో ప్రసంగించే కాపరిని నేను చాలాసార్లు చూశాను. వినేవాళ్ళ గుండెలో ఏముందో తెలియకుండా వాక్యం ఎక్కడ నాటుతాం?

ఆయన పుస్తకాల్లో అన్నిటికంటే దూరం ప్రయాణించింది క్రిస్టియన్ గివింగ్ అనే చిన్న పుస్తకం. కానుక గురించిన పాఠాలవి. పాత నిబంధనలో అర్పణ, యేసు బోధ, అపొస్తలుల బోధ, ఆపైన సంఘం ఎలా ఇవ్వాలి అన్నవి వరుసగా నడుస్తాయి. నిజం చెప్పాలంటే అందులో మెరుపులు లేవు. కొన్ని చోట్ల చప్పగా కూడా ఉంటుంది. ప్రసంగంలో చప్పట్లు కొట్టించే వాక్యం ఒక్కటి దొరకదు. కానీ దశమభాగం ఇస్తే పదింతలు వస్తుందన్న బేరం కూడా అందులో దొరకదు. రోజు కూలీ మీద బ్రతికే విశ్వాసులకు, పిడికెడు గింజలు తప్ప ఇవ్వడానికేమీ లేనివాళ్లకు ఇవ్వడం నేర్పిన మనిషి రాసినది అది. బీదవాడని చెప్పి కానుక అడగకపోవడం అతణ్ణి అవమానించడమేనన్న పట్టుదల ఆ పుటల వెనుక కనిపిస్తుంది. ఆయన పోయిన పదేళ్లకు బిషప్ స్టీఫెన్ నీల్ నడిపిన వరల్డ్ క్రిస్టియన్ బుక్స్ వరుసలో అది మళ్ళీ అచ్చయి, అనేక భాషల్లోకి వెళ్ళింది. ఎక్కడో ఆఫ్రికాలో ఉన్న సంఘం డోర్నకల్ పాఠం చదువుకుంది. డోర్నకల్‌కు నూట యాభై కిలోమీటర్ల లోపు ఉన్న మనం మాత్రం సమృద్ధి సువార్త వీడియోలు చూస్తున్నాం.

1939 జనవరి 6న, ఎపిఫనీ పండుగనాడు కథీడ్రల్ ప్రతిష్ఠ జరిగింది. హిందూ మండప స్తంభాలు, మసీదు గుమ్మటాలు, లోపల క్రీస్తు ఆరాధన. 1945 జనవరి 1న అజరయ్య గారు డోర్నకల్‌లోనే కన్నుమూశారు. ఎన్నో ఏళ్లు ఆయన పాటుపడిన సంఘాల ఐక్యత, దక్షిణ ఇండియా సంఘంగా 1947 సెప్టెంబరు 27న నెరవేరింది. ఆయన చూడలేదు.

ఇప్పుడు సంఘ పెద్దలతో ఒక మాట. మీ కాపరి బల్ల మీద ఏ పుస్తకాలున్నాయో ఎప్పుడైనా చూశారా? ఒక సంఘంలో సౌండ్ బాక్సులకు రెండుసార్లు చందా ఎత్తారు. కాపరి ఒక బైబిలు నిఘంటువు అడిగితే, ఆయనకు జీతం ఇస్తున్నాం కదా అన్నారట. ఊరి పేరు చెప్పను, చదివితే వాళ్ళకే తెలుస్తుంది. ఏడాదికి నాలుగు పుస్తకాలు కొనిపెట్టండి, చాలు. బనియన్ రాసిన యాత్రికుని ప్రయాణం తెలుగులో ఉంది. అది ఇంట్లో ఉంటే పిల్లలూ చదువుతారు. సాధు సుందర్ సింగ్ చిన్న పుస్తకాలు ఉన్నాయి. అగస్టీను ఒప్పుకోలు కాస్త కష్టం, కానీ యౌవనంలో తప్పిపోయిన కొడుకులున్న ప్రతి తల్లికీ మోనికా కన్నీళ్ళు అర్థమవుతాయి. కాపరులారా, మీకు పగలు తీరిక ఉండదని తెలుసు. నాకూ ఉండదు. తెల్లవారుజామున ప్రార్థన తరువాత ఇరవై నిమిషాలు, ఫోను ఇంకో గదిలో పెట్టి కూర్చుంటాను. నెలకు ఒక పుస్తకం అవుతుంది, కొన్ని నెలలు అవదు.

ఆ యువ కాపరికి కూటం అయ్యాక బస్టాండు దగ్గర కనిపించి, నా సంచిలో ఉన్న క్రిస్టియన్ గివింగ్ పాత ప్రతి ఇచ్చాను. అట్ట ఊడిపోయి ఉంది, మార్జిన్లలో నా పెన్సిలు గీతలున్నాయి. ఇంగ్లీషు తక్కువ వచ్చు అన్నాడు. నిఘంటువు పక్కన పెట్టుకొని చదవమన్నాను. మొన్న ఫోను చేసి మూడో అధ్యాయంలో ఉన్నానని చెప్పాడు. పుస్తకం తిరిగి పంపాలా అని అడిగాడు. ఆ ఎదురు కూర్చున్న పెద్దాయన కూడా చూస్తానన్నారట. ముందు ఆయనకు ఇమ్మన్నాను.