ఆంధ్ర పితామహుడు

నిజాము రాష్ట్రమున ప్రజలలో దాదాపు సగము మంది తెలుగువారు. అయినను కచేరీలలో ఉర్దూ, బడులలో ఉర్దూ. నలుగురిలో తెలుగు మాటాడుట నామోషీ యని తెలుగువారే తలచిన దినములవి. అట్టి కాలమున మాతృభాషకు గౌరవము సంపాదించుటకై జీవితము ధారపోసిన మహనీయుడు మాడపాటి హనుమంతరావు పంతులు.

పంతులుగారు 1885 జనవరి 22వ తేదీన కృష్ణా మండలము, నందిగామ తాలూకాలోని ఎర్రుపాలెమున జన్మించిరి. బాల్యముననే తండ్రి గతింపగా, సూర్యాపేటలో మేనమామ ప్రాపున పెరిగి, అచ్చటనే చదువు ప్రారంభించిరి. ఉర్దూ, పారసీ భాషలు క్షుణ్ణముగా నేర్చి, ఉర్దూ పత్రికలకు వ్యాసములు వ్రాయగల ప్రజ్ఞ గడించిరి. హనుమకొండలో విద్యాశాఖ యందు గుమాస్తాగా నున్నప్పుడు, అచ్చటి రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమునకు సేవ చేసిరి. పిదప న్యాయవాదియై హైదరాబాదున స్థిరపడిరి.

1921 నవంబరులో హైదరాబాదున సంఘ సంస్కరణ సభ జరిగెను. మహర్షి కార్వే అధ్యక్షులు. ఇతర భాషల ఉపన్యాసములను సభ్యులు శ్రద్ధతో వినిరి. ఆలంపల్లి వేంకటరామారావు తెలుగున ప్రసంగింప లేచినంతనే గేలిచేసి, ఆయనను మాటాడనీయరైరి. తెలుగువారి హృదయములు గాయపడెను. ఆ రాత్రియే కొందరు టేకుమాల రంగారావు గృహమున సమావేశమై ఆంధ్ర జనసంఘమును స్థాపించిరి. ఆ సంఘమునకు ప్రాణమై నిలిచినవారు పంతులుగారు.

సభలు జరుపుటకు సర్కారు అనుమతి కావలసిన రోజులవి. పంతులుగారు తొందరపడలేదు. గ్రామస్థులచే ఉద్యోగులు కూలి యీయక పని చేయించుకొను వెట్టిచాకిరిని సర్కారు ఉత్తరువులే నిషేధించినవి. కాని అవి పల్లెవానికి తెలియవు. ఆ విషయము వివరించుచు ఆయన తెలుగున చిన్న పుస్తకము వ్రాసిరి. తాను నేర్చిన రాజభాష నిట్లు తనవారి కుపయోగపరచిరి.

1928లో హైదరాబాదున బాలికలకై తెలుగు పాఠశాల స్థాపించిరి. తెలుగున బోధించు ఉన్నత పాఠశాలకు ప్రభుత్వ గుర్తింపు లభింపలేదు. గుర్తింపు లేని చదువునకు పిల్లల నెవరు పంపుదురు? పంతులుగారు వెనుదీయక, పూనాలో కార్వే స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయమునకు పాఠశాలను అనుబంధించిరి. నాడు తెలుగు మాట పరాభవము పొందిన సభకు అధ్యక్షుడైన కార్వే సంస్థయే, నేడు తెలుగు బాలికల కండయయ్యెను.

జనసంఘమే ఆంధ్ర మహాసభగా పెరిగి, 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలిసారి సమావేశమయ్యెను. 1935లో సిరిసిల్ల సభకు పంతులుగారు అధ్యక్షులు. 1941లో కోదాడకు చేరువనున్న చిలుకూరున రావి నారాయణరెడ్డి అధ్యక్షులైరి. యువకులకు పంతులుగారి మితవాదము మందగమనముగ తోచెను. అయినను వారు నడచినది ఆయన వేసిన బాటయే.

1951లో హైదరాబాదు నగరమునకు తొలి మేయరైరి. 1955లో పద్మభూషణ బిరుదము పొందిరి. 1958 నుండి ఆంధ్రప్రదేశ్ విధాన పరిషత్తున కధ్యక్షత వహించిరి. 1970 నవంబరు 11వ తేదీన కీర్తిశేషులైరి.

పంతులుగారు ఉర్దూను ద్వేషింపలేదు, తెలుగును విడువలేదు. పరభాషను గౌరవించుచునే స్వభాషను నిలుపుకొనవచ్చునని వారి జీవితము మనకు బోధించుచున్నది.