కోడి రామమూర్తి నాయుడుగారు

వేసవి సెలవులు రాగానే మన ద్రాక్షారామమున బాలురు కొందరు ఇటుకలకు త్రాడు కట్టి యెత్తియు, బస్కీలు తీసియు కండలు పెంచ నారంభింతురు. బడి తెఱచునాటికి ఆ యిటుకలు మఱల దొడ్డిగోడ ప్రక్కకు చేరును. మాలో నొకరు బాల్యమున ఇరువది దినములు ఇట్లే శ్రమపడి, ఇరువదియొకటవ దినమున అద్దము చూచుకొని, నిరాశతో మానివేసిరి. తమ జాతకములో బలము లేదని వారు చిరకాలము నమ్మిరి. అట్టివారు తెలిసికొనదగిన జీవితము కోడి రామమూర్తి నాయుడుగారిది.

నాయుడుగారు 1882 ప్రాంతమున, నాటి విశాఖపట్టణపు జిల్లాలోని వీరఘట్టమున జన్మించిరి. తల్లి చిన్ననాడే గతించుటచే తండ్రి వెంకన్నగారు కుమారుని విజయనగరములోని పినతండ్రి యింటికి పంపిరి. అచ్చట ఆ బాలునికి పుస్తకములకంటె తాలింఖానాయే ప్రియమయ్యెను. మల్లవిద్యయు, బరువులెత్తుటయు ఏండ్ల తరబడి సాధన చేసి, పిమ్మట మద్రాసు చెంత సైదాపేటలోని వ్యాయామ కళాశాలలో శిక్షణ పొంది, విజయనగరమునకు వచ్చి, తాము చదివిన పాఠశాలలోనే వ్యాయామోపాధ్యాయులైరి. సర్కసు వీరునిగా లోకమెఱిగిన యీయన మొదట బడిలో డ్రిల్లు మాస్టరని మన బాలురలో పెక్కుమంది యెఱుగరు.

తరువాత సర్కసు సంఘము స్థాపించి దేశదేశములు తిరిగిరి. రొమ్ము పొంగించి ఇనుపగొలుసు త్రెంచుటయు, రెండు మోటారుకార్లను గొలుసులతో పట్టి కదలనీయక నిలుపుటయు, రొమ్ముపై పలక వేయించుకొని ఏనుగును నిలుపుకొనుటయు జనులు విరుగబడి చూచిరి. లండనులో జార్జి చక్రవర్తి యెదుట ప్రదర్శించి ఇండియన్ హెర్క్యులస్ అను బిరుదు పొందిరి. తెలుగువారు కలియుగ భీముడనిరి.

ఏనుగును అందఱు చూచిరి. దానికి ముందు గడచిన సంవత్సరములను చూచినవారు తక్కువ. ఇరువదియొక్క యేండ్ల వయసున ఆయన రొమ్ముపై ఒకటిన్నర టన్నుల బరువు మోసిరనియు, పిమ్మట అది మూడు టన్నులైనదనియు చెప్పుదురు. ఆ లెక్కలను మేము తూచలేదు గాని, ఒకేసారి ఏనుగువద్దకు పోలేదనుట స్పష్టము. ఒకే యిటుకను ఏడాది యెత్తినచో శరీరము దానికి అలవాటుపడి, పెరుగుట మానును. పైగా కండ బరువెత్తునపుడు పెరుగదు. ఆ శ్రమ ఆహారముచేతను నిద్రచేతను తీరునప్పుడు కొంచెము బలియును. మొదటి వారములలో వచ్చు బలము చాలవఱకు నరములు పని నేర్చుటచే వచ్చునది. కంటికి కనబడు మార్పునకు రెండు మూడు నెలలు కావలెను. ఇరువది దినములకు అద్దము చూచిన మా మిత్రునిలో మార్పు మొదలై యుండెను. అద్దమునకు మాత్రము ఇంకను తెలియలేదు.

నాయుడుగారి కాలముననే ఐరోపాలో శాండో అను బలశాలి యుండెను. ఆయన 1905 ప్రాంతమున మన దేశమునకును వచ్చి ప్రదర్శనలిచ్చెను. తాను అట్టిలా అను గురువువద్ద పెద్ద బరువులెత్తి బలిష్ఠుడాయెను. లోకమునకు అమ్మినది మాత్రము స్ప్రింగులు గల తేలిక డంబెల్లులును, టపాలో పంపు పాఠములును. కొన్నవారందఱు శాండోలు కాలేదు. దానికి వారి సోమరితనమునే తప్పుపట్టుట న్యాయము కాదని మా యభిప్రాయము. నేడు డబ్బాలలో అమ్ము పొడులను, మూడు వారములలో భీముని చేయుదుమను ప్రకటనలను చూచినప్పుడు తల్లిదండ్రులు ఈ డంబెల్లులను తలచుకొందురు గాక. శరీరపు బరువులో కిలో ఒక్కింటికి దినమునకు సుమారు 1.6 గ్రాములకు మించి మాంసకృత్తులు తిన్నచో కండకు లాభము స్వల్పమని నేటి శాస్త్రజ్ఞుల మాట. పప్పు, పాలు, పెరుగు, గ్రుడ్లు, చేపలు మన కోనసీమలో కొఱత గావు. నాయుడుగారు శాకాహారులు. ఊపిరి నిగ్రహమును ఆయన మిక్కిలి సాధన చేసిరి. ఆ సాధన లేక రొమ్ముపై బరువులు పెట్టించుకొనువారు పక్కటెముకలు విఱుగగొట్టుకొందురు. మన బాలురు ఆ పని సరదాకైనను చేయరాదు.

బలము ఆయనను కడవఱకు కాపాడలేదు. కాలికి పుండు లేచి, ఆ కాలు తీసివేయవలసి వచ్చెను. మత్తుమందు వలదని, ప్రాణాయామముతో కదలక శస్త్రచికిత్సకు ఓర్చిరని చెప్పుదురు. 1942 జనవరిలో ఒడిషాలోని బలంగీరున మరణించిరి. శ్రీకాకుళములో క్రీడామైదానమొకటి ఆయన పేర నున్నది.