ఉయ్యాలవాడ అన్నదాత

నంద్యాలనుండి ఆళ్లగడ్డకు పోవు బాటకు పడమటి దిక్కున, కుందూనది లోయలో ఉయ్యాలవాడ యను గ్రామము కలదు. నేడది నంద్యాల జిల్లాలోనిది. ఆనాడు కోయిలకుంట్ల తాలూకాలో చేరియుండెను. ఈ పేరు వినగానే చదువరులకు పాలెగాడు నరసింహారెడ్డి జ్ఞప్తికి వచ్చును. కుంపిణీ ప్రభుత్వము నెదిరించి, 1847 ఫిబ్రవరి 22వ తేదీన కోయిలకుంట్లలో ఉరికంబమెక్కిన వీరుడాతడు. అదే ఊరికి మరియొక విధమైన కీర్తి తెచ్చినవాడు బుడ్డా వెంగళరెడ్డి. ఈయన కీర్తికి ఆధారము అన్నము.

ఆ సీమకు తూర్పున నల్లమల, పడమట ఎఱ్ఱమల; నడుమ నల్లరేగడి. రేగడి మంచి నేలయే. జొన్న, కొఱ్ఱ, ప్రత్తి చక్కగా పండును. కాని పైరునకు వానయే ఆధారము. 1865లో వానలు తప్పెను. 1866 నాటికి క్షామము ముదిరెను. తెలుగు లెక్కలో ఆ ఏడు అక్షయ నామ సంవత్సరము. పేరు అక్షయ, గాదెలు మాత్రము శూన్యము. నంద్యాలకు రైలుబాట వచ్చుటకు ఇంకను ఇరువది యేండ్లు గడువవలసి యుండెను. పైనుండి ధాన్యము రావలెనన్న ఎద్దుబండ్లే గతి. మేతలేక ఎద్దులే పడిపోవుచుండ బండ్లు కదలుటెట్లు?

ఆకలి కూడ ఒక గాయమే. వారముల తరబడి తిండిలేని దేహమున మొదట క్రొవ్వు, పిదప కండ కరగిపోవును. జీర్ణశక్తి సన్నగిల్లును. చిన్న జ్వరమునకే ప్రాణము పోవును. అట్టివానికి ఒక్కపూట కడుపునిండ పెట్టి పంపిన చాలదు. అది అపాయకరము కూడ. అంబలితో ఆరంభించి, దినదినమును కొంచెము కొంచెముగా పెంచుచు, బలము వచ్చువరకు పోషింపవలెను. కావున కరవునాట అన్నము పెట్టుట దానము మాత్రమే కాదు, రోగికి చేయు శుశ్రూషయు నగును.

వెంగళరెడ్డి సంపన్న గృహస్థు. జొన్నలను నేలలో పాతరలు త్రవ్వి దాచుకొనుట ఆ ప్రాంతపు రైతుల వాడుక. ధర పెరిగిన కొలది పాతరలోని గింజ బంగారమగును. అమ్ముకొన్నచో ఆయన ఐశ్వర్యము ఇబ్బడిముబ్బడి యయ్యెడిది. ఆయన అమ్ముకొనలేదు. ఉయ్యాలవాడలో పొయ్యిలు వెలిగించి, వచ్చినవారికెల్ల అన్నము పెట్టించెను. చుట్టుపట్ల గ్రామములనుండి వేలకొలది జనులు వచ్చి చేరిరి. ఆ వంట నెలల తరబడి సాగెనని ప్రతీతి.

ఈ వార్త సీమ దాటి పోయెను. విక్టోరియా మహారాణి ప్రభుత్వము ఆయనను బంగారు పతకముతో సన్మానించెను. ఇచ్చట చదువరి ఒక్క క్షణము ఆగవలెను. నరసింహారెడ్డి శిరస్సు కోయిలకుంట్ల కోటపై 1877 వరకు వ్రేలాడుచుండెనని చరిత్రకారులు వ్రాసిరి. అనగా, ఆకలిగొన్న జనులు ఉయ్యాలవాడకు నడచివచ్చుచున్న దినములలో, కొన్ని క్రోసుల దూరమున ఆ శిరస్సు ఉండెను. కుంపిణీ పోయి రాణిగారి పాలన వచ్చెను గాని దొరతనము ఆంగ్లేయులదే. ఆ దొరతనము ఒకే ఊరివారిలో ఒకరికి ఉరి, ఒకరికి పతకము నిచ్చెను. జనులు మాత్రము ఇద్దరిని గూర్చియు పాటలు కట్టుకొనిరి.

పదియేండ్లు గడచునంతలో, 1876లో, ధాత కరవు వచ్చిపడెను. సహాయపు పనులలోని కూలివానికి దినమునకు ఒక పౌను ధాన్యము, కొద్దిపాటి పైకము చాలునని 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించెను. వైద్యులు ఆక్షేపింపగా కొన్ని నెలలకే ఆ కూలి పెంచవలసి వచ్చెను. 1871, 1881 జనాభా లెక్కల నడుమ కర్నూలు జిల్లా జనసంఖ్య మిక్కిలి తగ్గిపోయెను. ఎముకలు తేలినవానిచేత మట్టి మోయించి తూచి పెట్టు తిండికిని, ముందు కోలుకొనుమని పెట్టు తిండికిని గల భేదము ఆ సీమవారికి అనుభవమున తెలిసినది.

వెంగళరెడ్డి 1900లో కీర్తిశేషుడయ్యెను. ఆయన పతకమును కన్నులార చూచినవారు కొద్దిమందియే. ఆయన ధర్మమును గూర్చిన పాటను మాత్రము రాయలసీమ జానపద గాయకులు నేటికిని పాడుచున్నారు. ఆ కరవున బ్రతికి బయటపడిన వేలమంది పేర్లు ఏ గ్రంథమునను లేవు. తమకు పెట్టినవాని పేరును మాత్రము వారు నోటనోట నిలిపిపోయిరి.