ఆటలో ఆలోచన – డాక్టరు మాంటిస్సోరి జీవితము

మూడేండ్ల పిల్లవాడు వంటయింటిలో చతికిలబడి, గిన్నెలకు మూతలు పెట్టుచు, తీయుచు, ఒక్కొక్క మూతను తిప్పి చూచుచు గంటసేపు గడపుట మన ఇండ్లలో నిత్యము జరుగు విషయమే. పెద్దమూత చిన్నగిన్నెపై నిలువక జారును. చిన్నమూత పెద్దగిన్నెలో పడిపోవును. వాడు దానిని తీసి మరల ప్రయత్నించును. చప్పుడు భరింపలేక తల్లి ఆ గిన్నెలను లాగికొని, వాని చేతికి పలక ఇచ్చి అక్షరములు దిద్దుమనును. చదువు మొదలైనదని ఇల్లంతయు సంతసించును. నిజమునకు వాని చదువు గిన్నెల నడుమనే మొదలైనది. పలక వచ్చి దానికి విఘ్నము కలిగించినది. ఈ సంగతిని వట్టి ఊహగా గాక, ఏండ్ల తరబడి పసిపిల్లలను పరిశీలించి లోకమునకు చూపిన విదుషీమణి డాక్టరు మరియా మాంటిస్సోరి. ఆమె పేరు గల పాఠశాలలు తెలుగునాట అనేక పట్టణములలో కానవచ్చును. ఆ పేరు ఒక స్త్రీదని, ఆ స్త్రీ తన వార్ధక్యములో పెక్కు సంవత్సరములు మన దేశమున, ముఖ్యముగా మదరాసులో గడపెనని ఎరిగినవారు మాత్రము కొందరే.

మరియా 1870 ఆగస్టు 31వ తేదీన ఇటలీ దేశమున ఆంకోనా నగర సమీపమందలి కియరవల్లె అను చిన్నపట్టణములో జన్మించెను. తండ్రి అలెస్సాండ్రో ఆర్థికశాఖలో ఉద్యోగి. ప్రభుత్వోద్యోగుల కుటుంబములకు సహజమైన బదిలీలు ఆ కుటుంబమునకును తప్పలేదు. ఫ్లారెన్సు నగరమునకును, అటుపిమ్మట 1875లో రోము నగరమునకును వారు మారిరి. తండ్రి పాతకాలపు మనిషి. తల్లి రెనిల్దె చదువన్న ప్రాణమిచ్చునది. కుమార్తె కోరికలకు ఆమెయే అండ. ఆడపిల్ల చదివినను ఉపాధ్యాయిని యగుటకే చదువవలెనని పెద్దలు తలచు ఆ దినములలో మరియా పదమూడవ యేట సాంకేతిక పాఠశాలలో చేరెను. ఇంజనీరు కావలెనని మొదట కోరి, తరువాత వైద్యవిద్య వైపు మరలెను. పురుషుల సరసన నిలిచి శవచ్ఛేదము చేయుట స్త్రీకి మర్యాద కాదని భావింపబడుటచే, అందరును వెడలిపోయిన పిదప సాయంకాలము ఒంటరిగా ఆమె ఆ పని చేయవలసివచ్చెను. 1896లో రోము విశ్వవిద్యాలయమునుండి వైద్యపట్టము పొందెను. ఇటలీలో మొట్టమొదటి వైద్యురాలు ఆమెయే అని వ్రాయుట పరిపాటియైనది. అది సరికాదు, తొలితరమువారిలో ఆమె ఒకతె.

మానసిక చికిత్సాలయములో సహాయవైద్యురాలుగా చేరిన మరియాకు పిచ్చాసుపత్రులు తిరిగి చూచు పని పడెను. బుద్ధిమాంద్యము గల పిల్లలను ఆ కాలమున పిచ్చివారితో కలిపి అచ్చటనే ఉంచుచుండిరి. ఒక గదిలో అట్టి పిల్లలు భోజనమైన తరువాత నేలమీద పడిన రొట్టెముక్కలకై పాకులాడుచుండిరి. తిండిపోతులని కావలిస్త్రీ వారిని అసహ్యించుకొనెను. మరియా గది నలువైపుల చూచెను. పట్టుకొనుటకు, తిప్పుటకు, పేర్చుటకు అందులో ఒక్క వస్తువైనను లేదు. పిల్లల ఆకలి కడుపుది కాదు, చేతులదని ఆమెకు తోచెను. ఫ్రెంచి వైద్యులైన ఇటార్, సెగాన్‌ల గ్రంథములను ఆమె శ్రద్ధగా పఠించి, చేతికి పని కల్పించు వస్తువులను చేయించి, 1900 ప్రాంతమున అట్టి పిల్లలకు చదువు చెప్పెను. వారిలో కొందరు మామూలు పిల్లల పరీక్షలలో వారితో సమానముగా ఉత్తీర్ణులైరి. ఊరంతయు ఆమెను పొగడెను. ఆమెకు మాత్రము వేరొక సందేహము కలిగెను: మందబుద్ధులనబడినవారు ఇంత చేయగలిగినప్పుడు, ఆరోగ్యవంతులైన పిల్లలను ఇంత తక్కువ స్థాయిలో అణచియుంచుచున్నది ఏమి?

ఆ కాలముననే ఆమె జీవితములో ఒక గాయము తగిలెను. తనతో పనిచేయు డాక్టరు మాంతెసానో వలన 1898లో ఆమెకు ఒక కుమారుడు కలిగెను. వారికి వివాహము కాలేదు. సంగతి బయటపడిన ఆమె వృత్తి అంతటితో ముగిసెడిది. శిశువును పల్లెలో ఒక కుటుంబమువద్ద పెంపునకు ఉంచిరి. పరులపిల్లల మనస్సులను చదివిన ఆ తల్లి తన మరియోను అప్పుడప్పుడు మాత్రమే చూచి వచ్చుచుండెను. తల్లి రెనిల్దె 1912లో మరణించిన పిమ్మటనే అతడు ఆమె యింటికి చేరెను. అటుపిమ్మటను చాల ఏండ్లు లోకమునకు అతడు ఆమె బంధువుగానో, పెంపుడు కొడుకుగానో పరిచితుడు.

రోములో సాన్ లొరెంజో అను పేదవాడ యుండెను. ఒక గృహనిర్మాణ సంస్థ అచ్చటి శిథిల భవనములను బాగుచేసి కూలిజనులకు అద్దెకిచ్చెను. తల్లిదండ్రులు పనికి పోగా, బడియీడు రాని పిల్లలు మెట్లపై ఆడుచు క్రొత్త గోడలను పాడుచేయుచుండిరి. గోడల రక్షణకై ఆ పిల్లలను ఒకచోట చేర్చవలెనని సంస్థవారు తలచిరి. మహత్తరమైన విద్యావిధానమొకటి సున్నపుగోడల కాపుదల కొరకు పుట్టినదనుట విచిత్రముగా నుండును గాని, జరిగినది అదియే. 1907 జనవరి 6వ తేదీన అచ్చట శిశుగృహము తెరువబడెను. ఏబది అరువది మంది పిల్లలు. అందరును రెండు మూడేండ్లు మొదలు ఆరేడేండ్ల లోపువారు. రాయపూరు చెంతనున్న ఉర్లా పారిశ్రామికవాడ వంటి చోట్ల, భార్యాభర్తలిద్దరును పనికి పోవు ఇండ్ల సంగతి ఎరిగినవారికి సాన్ లొరెంజో ఎట్లుండెనో వేరుగా వర్ణింపనక్కరలేదు.

అచ్చట మరియా పాఠము చెప్పలేదు, చూచెను. ధనికులు పంపిన బొమ్మలను పిల్లలముందు ఉంచెను. వారు వానిని కొంచెముసేపు చూచి విడిచి, ఆమె చేయించిన కొయ్యవస్తువులవద్దకు పోయిరి. వానిలో ఒకటి పొడుగాటి చెక్కదిమ్మ. అందులో పది గుంటలు, వానిలో సరిగా ఇముడు పది స్తూపములు. ఇట్టి దిమ్మలు నాలుగు. స్తూపములన్నియు తీసి కలిపివేసి, దేనిది దాని గుంటలో పెట్టవలెను. మూడేండ్ల బాలిక ఒకతె ఆ పనిలో మునిగియుండెను. మరియా ఆమెను కుర్చీతో సహా ఎత్తి బల్లపై కూర్చుండబెట్టెను. తక్కిన పిల్లలచేత చుట్టును పాటలు పాడించెను. బాలిక తలయెత్తలేదు. నలువది సార్లకు పైగా అదే పని చేసి, నిద్రనుండి లేచినట్లు సంతోషముగా నలువైపుల చూచి, తనంత తానే ఆపెను. పసిపిల్లల మనస్సు ఒకచోట నిలువదను పెద్దల మాట ఆ దినము ఆమె దృష్టిలో పూర్వపక్షమైపోయెను.

ఆ దిమ్మలో గొప్పతనమేమి? లావు స్తూపము సన్నగుంటలో దిగదు. సన్నది లావుగుంటలో దిగును, కాని కడపట ఒక స్తూపము చోటులేక మిగులును. తప్పు జరిగినదని ఎవరును చెప్పనక్కరలేదు. మిగిలిన స్తూపమే చెప్పును. ఎచ్చట తప్పినదో వెనుకకు పోయి వెదకుట పిల్లవాని పని. కారణమునుండి కార్యమునకు, కార్యమునుండి కారణమునకు పోవు తర్కము ఇదియే కదా! పెద్దవారు కల్పించుకొని తప్పనిన, పిల్లవాడు వస్తువును విడిచి పెద్దవారి మొగము చూచుట మొదలిడును. ఆలోచన అచ్చటనే ఆగిపోవును. మాంటిస్సోరి కనుగొనిన రహస్యములలో దీనికి మించినది లేదనవచ్చును.

ఇట్లే గులాబిరంగు గోపురము. ఒక సెంటీమీటరు మొదలు పది సెంటీమీటర్ల వరకు భుజములు గల పది ఘనములు. పెద్దదానిపై చిన్నది పేర్చుకొనుచు పోవలెను. ఎరుపు, నీలము రంగుల కర్రలు పది. చిన్నది పది సెంటీమీటర్లు, పెద్దది మీటరు. తొమ్మిదవ కర్ర చివర మొదటిదానిని, ఎనిమిదవదాని చివర రెండవదానిని చేర్చిన, రెండును పదవ కర్రకు సరిపోవును. కూడిక అను పేరు వినకముందే పిల్లవాడు కూడికను చేతితో పట్టుకొనును. గరుకుకాగితపు అక్షరములను వ్రేలితో తడవుచుండిన నాలుగైదేండ్ల పిల్లలు, ఎవరును నేర్పకయే ఒకనాడు సుద్దముక్కతో నేలపై మాటలు వ్రాయసాగిరి. ఆ వార్తయే ఆమె కీర్తిని దేశదేశములకు మోసెను. మౌనక్రీడ యని మరియొకటి యుండెను: అందరును కదలక మెదలక కూర్చుండగా, వెనుకనుండి గుసగుసగా ఎవరి పేరు వినబడునో వారు చప్పుడు కాకుండ లేచి రావలెను. తన్ను తాను నిగ్రహించుకొనలేని బుద్ధి ఆలోచింపలేదని ఆమె నమ్మకము.

మన వామనగుంటలలో చింతపిక్కలు పంచుచు, చివరిపిక్క ఏ గుంటలో పడునో ముందుగా లెక్కవేయు ఆడపిల్లలును, పులిజూదములో మేకలను కాపాడుకొను పిల్లలును చేయునది ఈ జాతి పనియే. అయితే అవి కొంచెము పెద్దపిల్లల ఆటలు. మూడేండ్లవానికి తగినట్లు కష్టములను విడదీసి, ఒక్కొక్క వస్తువులో ఒక్కొక్క కష్టమునే పెట్టుట మాంటిస్సోరి నేర్పు.

1909లో వెలువడిన ఆమె గ్రంథము 1912లో ఇంగ్లీషులోనికి వచ్చెను. 1913లో ఆమె అమెరికా వెళ్ళగా జనము విరుగబడి వచ్చిరి. 1915లో సాన్ ఫ్రాన్సిస్కో ప్రదర్శనములో అద్దపుగోడల తరగతిని ఏర్పరచి పిల్లలు పనిచేయుటను లోకమునకు చూపిరి. ఎదురుదెబ్బయు అచ్చటనే తగిలెను. కొలంబియా విశ్వవిద్యాలయాచార్యుడు కిల్పాట్రిక్ 1914లో ఒక చిన్నపుస్తకము వ్రాసి, ఆమె వస్తువులు ఇరుకైనవనియు, పిల్లల కల్పనకును, కలిసి ఆడుకొనుటకును వానిలో చోటు చాలదనియు విమర్శించెను. విమర్శలో కొంత సత్యము లేకపోలేదు. బొమ్మరిల్లు కట్టి, గుజ్జనగూళ్ళు వండి, నీవు అత్తవు నేను కోడలినని పాత్రలు పంచుకొను పిల్లలును ఆలోచించుచునే యున్నారు. కల్పనాక్రీడపై మాంటిస్సోరికి ఆదరము తక్కువ. తన అనుమతి లేక ఎవరును ఉపాధ్యాయులను తయారుచేయరాదను పట్టుదల కూడ ఆమె విధానమునకు మేలు చేయలేదు. ఆ వివాదము నేటికిని పూర్తిగా తీరలేదు. అయినను అమెరికాలోని మిల్వాకీ నగరమున, చీట్లు వేసి ప్రవేశమిచ్చు మాంటిస్సోరి బడిపిల్లలను, చీటి రాక వేరు బడులకు పోయిన పిల్లలతో పోల్చిన పరిశోధన 2006లో సైన్సు పత్రికలో వెలువడెను. అయిదేండ్లవారిలో చదువునను, లెక్కలయందును, ఆత్మనిగ్రహమునను మాంటిస్సోరి పిల్లలే మెరుగని అందు తేలెను.

ఆమె చరిత్రలో మచ్చ యొకటి కలదు. 1924 మొదలు ముస్సోలినీ ప్రభుత్వపు ఆదరమును ఆమె స్వీకరించెను. స్వతంత్రబుద్ధిని పెంచు బడియు, నియంత పాలనయు ఎంతకాలము పొసగును? 1934లో ఇటలీలోని ఆమె పాఠశాలలు మూతపడెను. అప్పటికి స్పెయినులోని బార్సిలోనా ఆమె నివాసము. 1936లో అంతర్యుద్ధము రాగా ఆ ఊరును విడిచి హాలెండు చేరెను.

భారతదేశముతో ఆమె పరిచయము అంతకుముందే మొదలైనది. 1931లో లండనులో గాంధీమహాత్ముడు ఆమెను కలిసికొని, ఆమె శిక్షణాలయములో ప్రసంగించెను. భావనగరములో 1920లో బాలమందిరము స్థాపించి, ఆమె పద్ధతిని గుజరాతు నేలకు అనువుగా మలచిన గిజూభాయి బధేకా 1939 జూనులో స్వర్గస్థుడయ్యెను. ఆ సంవత్సరము చివరనే, దివ్యజ్ఞాన సమాజాధ్యక్షుడు అరండేల్ ఆహ్వానముపై మాంటిస్సోరి కుమారునితో మదరాసు వచ్చెను. ఆ ఇరువురును కలిసికొనకపోవుట మన శిశువిద్యకు తీరని లోటు.

అప్పటికి ఆమెకు అరువదితొమ్మిదేండ్లు. అడయారులో తాటాకు పందిళ్ళక్రింద దాదాపు మూడువందల మందికి శిక్షణ మొదలయ్యెను. ఆమె ఇటాలియను భాషలో చెప్పుచుండగా మరియో ఇంగ్లీషులోనికి మార్చుచుండెను. కొన్ని నెలల కొరకు వచ్చిన ఆమె ప్రయాణము యుద్ధమువలన ఏండ్లకు సాగెను. 1940 జూనులో ఇటలీ యుద్ధములో దిగగానే బ్రిటిషు ప్రభుత్వమునకు తల్లీకొడుకులు శత్రుదేశీయులైరి. మరియోను అహమ్మదునగరు నిర్బంధశిబిరమునకు పంపిరి; ఆమెను అడయారు ఆవరణ దాటరాదనిరి. ఆగస్టు 31న ఆమె డెబ్బదియవ జన్మదినము. ఆ సందర్భమున వైస్రాయి తంతి పంపెను. ఆమెకు ఇవ్వదగిన కానుక ఆమె కుమారుని విడుదలయే అని అందలి భావము. నలువదిరెండేండ్లుగా దాచియుంచిన బంధుత్వము ఒక ప్రభుత్వపు తంతిలో మొగమాటము లేక వెలువడెను.

తరువాత కొడైకెనాలు కొండలపై గడపిన సంవత్సరములు ఆమెకు ప్రశాంతమైనవి. నానావయస్సుల పిల్లలు ఒకే బడిలో ఆకులు, పురుగులు, పువ్వులు పోగుచేసి, పోల్చి, వర్గములుగా విడదీయుచుండిరి. అంతవరకు కొయ్యవస్తువులలో ఇమిడియున్న ఆమె విద్య అచ్చట ప్రకృతిలోనికి విస్తరించెను. కరాచి, అహమ్మదాబాదు, సింహళము మొదలగు చోట్ల ఆమె శిక్షణనిచ్చెను. వేయిమందికి మించిన ఉపాధ్యాయులు ఆమెవద్ద నేర్చిరి. అహమ్మదాబాదు ఉపన్యాసములే ఆధారముగా, శిశువు మనస్సు పరిసరములను ఎట్లు పీల్చుకొనునో తెలుపు ఆమె ప్రసిద్ధగ్రంథము 1949లో అడయారు ముద్రణాలయమునుండి వెలువడెను. ఆ యేడే ఆమె భారతదేశమునుండి సెలవు తీసికొనెను. 1949, 1950, 1951 సంవత్సరములలో నోబెలు శాంతిబహుమానమునకు ఆమె పేరు ప్రతిపాదింపబడెను గాని బహుమానము రాలేదు. 1952 మే 6వ తేదీన హాలెండులో నూర్డ్‌విక్ అను సముద్రతీర గ్రామమున ఎనుబదియొకటవ యేట ఆమె కన్నుమూసెను. సమాధియు అచ్చటనే.

ఆమె వెడలిన పిమ్మట శిష్యుడు యూస్టెన్ భారతదేశముననే నిలిచి శిక్షణను కొనసాగించెను. విజయవాడలో వేగే కోటేశ్వరమ్మగారు 1955లో మాంటిస్సోరి పేర విద్యాసంస్థను ప్రారంభించిరి. 2017లో పద్మశ్రీ వారిని వరించెను. అయితే మాంటిస్సోరి వస్తువులు చౌకైనవి కావు. కొలతలో రవంత తేడా వచ్చినను స్తూపము గుంటలో సరిగా ఇమడదు. మంచి వడ్రంగి కావలెను. గిజూభాయి సహచరి తారాబాయి మోదక్ ఈ చిక్కును ఎదుర్కొని, మహారాష్ట్రలోని బోర్డిలోను, తరువాత కోస్బాడులోను గిరిజనుల పిల్లలనడుమ విత్తనములు, గులకరాళ్ళు, ఆకులు, గవ్వలతోనే వరుసలు పేర్చించెను. అచ్చట వాడుకలోనికి వచ్చిన అంగన్‌వాడీ అను మాటయే 1975 అక్టోబరు 2న ప్రారంభమైన కేంద్రప్రభుత్వ శిశుసంక్షేమ పథకముతో దేశమంతట వ్యాపించెను. మూడు మొదలు ఎనిమిదేండ్ల పిల్లలకు ఆటయే చదువుగా నుండవలెనని 2022లో వెలువడిన జాతీయ పాఠ్యప్రణాళిక విధించినది. ఆ మాట సాన్ లొరెంజోలో తేలి అప్పటికి నూటపదునైదేండ్లు.