మన మొక్కలకు పుస్తకం రాసిన రాక్స్‌బర్గ్

కడియం నర్సరీల్లో అంట్లు కట్టే అమ్మల బిడ్డలం మేము. బడిలో చేరకముందే మొక్కల పేర్లు నేర్చినవాళ్లం. అయినా పీజీ ప్రాజెక్టుకు కోరింగ మడ అడవుల ఉపగ్రహ చిత్రం ముందు కూర్చుంటే తెల్లబోయాం. పచ్చని అడవి ఎర్రగా ఉంది! ఆకులు మన కంటికి కనబడని పరారుణ కాంతిని బాగా వెనక్కి పంపుతాయి. చిత్రంలో దానికి ఎరుపు రంగు వేస్తారు. అడవి ఎక్కడ ఆగిందో, రొయ్యల చెరువు ఎక్కడ మొదలైందో దాంతో తెలుస్తుంది. కానీ అక్కడున్నది మడ చెట్టో, తిల్ల చెట్టో నమ్మకంగా చెప్పాలంటే బురదలో దిగి చూడాల్సిందే. మన తీరాన ఆ పని ముందుగా చేసినవారిలో విలియం రాక్స్‌బర్గ్ ఒకరు.

ఆయన 1751లో స్కాట్లండ్‌లో పుట్టారు. వైద్యం చదివి 1776లో ఈస్టిండియా కంపెనీ డాక్టరుగా మద్రాసు వచ్చారు. 1781 నుంచి సామర్లకోటలో ఉండి తోట వేశారు. మిరియం, నీలిమందు, చెరకు పెంచి చూశారు. అది కంపెనీ లాభానికే, నిజమే. కానీ 1790 ప్రాంతపు కరువులో జనం మలమల మాడటం చూసి, కొబ్బరి, పనస, అరటి విరివిగా నాటించమని పైవారికి రాశారు.

1787లో కోరింగ దగ్గర ఇంజరంలో ఉప్పెన వచ్చింది. ఏళ్ల తరబడి కూడబెట్టిన మొక్కలు, పుస్తకాలు, కాగితాలు సముద్రం పాలయ్యాయి. ఆయన మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. 1793లో కలకత్తా తోటకు అధికారిగా వెళ్లారు. కోరమాండల్ తీరపు మొక్కలపై ఆయన గ్రంథం 1795 నుంచి వెలువడింది. 300 బొమ్మలున్న ఆ గ్రంథం పూర్తికాకుండానే 1815లో ఎడిన్‌బరోలో కన్నుమూశారు.

ఆ గ్రంథంలో తెలుగు పేర్లున్నాయి. అవి చెప్పిన మనవాళ్ల పేర్లు మాత్రం లేవు. బొమ్మలు గీసిన మన చిత్రకారుల పేర్లూ లేవు. మా అమ్మలాంటి వాళ్లే అయ్యుంటారు అనుకున్నాం.

కోరింగ 1978లో అభయారణ్యమైంది. ఇప్పుడు దాని పటాలు మన చేతుల్లో తయారవుతున్నాయి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఒక పరీక్ష పోతే పెట్టె సర్దుకోకండి, ఇంజరం గుర్తు చేసుకోండి. రేపు మీరు పటం గీస్తే, దారి చూపిన పడవవాడి పేరు కూడా కింద రాయండి. మేము రాశాం.