తలుపు మూయని ఇల్లు
(పునీత చార్లెస్ ద ఫూకో)

సహారా ఎడారిలో దేవుని ప్రేమకు సాక్షిగా జీవించిన పునీత చార్లెస్ ద ఫూకో మొదట ఫ్రెంచి అశ్విక దళంలో అధికారి. దారితప్పిన ఆ సైనికుడు తిరిగి దేవుని చేరటంలో ఆయన కుటుంబానికి పెద్ద పాత్ర ఉంది.

ఆయన 1858 సెప్టెంబరు 15న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో కలిగిన ఇంట జన్మించారు. 1864లో కొద్ది నెలల తేడాతో తల్లిదండ్రులిద్దరూ కన్నుమూశారు. ఆయననూ, చెల్లెలు మరియనూ తల్లి తరఫు తాతగారైన కల్నల్ ద మోర్లే పెంచారు. చదువుకునే రోజుల్లోనే చార్లెస్ విశ్వాసం చల్లారింది. 1878లో తాతగారు మరణించగా ఆస్తి చేతికి వచ్చింది. సోమూర్ అశ్విక పాఠశాలలోను, తరువాత దళంలోను విందులకు, జూదానికి డబ్బు నీళ్ళలా పోసారు. 1881లో అల్జీరియాలో ఒక స్త్రీతో బహిరంగంగా ఉంటున్నందుకు ఉద్యోగం పోయింది. తన దళం యుద్ధానికి వెళ్తున్నదని విని మళ్ళీ చేరి పోరాడారు. 1882లో రాజీనామా చేశారు.

అప్పుడు కుటుంబం రెండు పనులు చేసింది. ఆస్తి కరిగిపోకుండా కోర్టు ద్వారా పర్యవేక్షకుని పెట్టించింది. ఇంటి తలుపు మాత్రం మూయలేదు. 1883-84లో యూదుని వేషంలో మొరాకో అంతా తిరిగినప్పుడు, ముస్లింల ప్రార్థన ఆయన మనస్సును కదిలించింది. పారిస్ తిరిగివచ్చాక మేనత్త ఇంట ఆదరణ దొరికింది. మేనత్త కుమార్తె మరియ ద బోందీ ఆయనను నిలదీయలేదు, ఉపదేశాలు చేయలేదు. ఆమె మంచితనం చూసి, ఆమె నమ్మిన మతం అబద్ధం కాజాలదని ఆయనకు తోచింది. 1886 అక్టోబరు చివర ఆమెకు తెలిసిన హువెలిన్ గురువుల వద్దకు వెళ్ళి, పాపసంకీర్తనం చేసి, ఆనాడే దివ్యసత్ప్రసాదం స్వీకరించారు.

1890లో మఠంలో చేరారు. తరువాత నజరేతులో కన్యస్త్రీల మఠానికి పనివానిగా ఉన్నారు. 1901లో గురుపట్టాభిషేకం పొంది సహారా చేరి, బానిసల విడుదలకు పాటుపడ్డారు. 1905 నుండి తమన్రాసెత్‌లో తువారెగ్ ప్రజల మధ్య నివసించి, వారి భాషకు నిఘంటువు కూర్చారు. నర్సీపట్నం దాటి చింతపల్లి ఘాట్ ఎక్కి, ఆదివాసుల మాట నేర్చుకునేవారికి ఆ కష్టం తెలుసు. 1908లో జబ్బుపడితే, కరవులో సైతం ఆ ప్రజలే మేకపాలు వెదకి తెచ్చి బ్రతికించారు. 1913లో ఉక్సెమ్ అనే తువారెగ్ యువకుని ఫ్రాన్సు తీసుకువెళ్ళి తన బంధువుల ఇళ్ళలో ఉంచారు. తనకు తెరచిన తలుపులే అతనికీ తెరిపించారు.

1916 డిసెంబరు 1న దుండగుల తుపాకీ గుండుకు నేలకొరిగారు. అప్పటికి ఆయన వెంట ఒక్క శిష్యుడూ లేడు. ఆయన బాటలో నడిచే సభలు తరువాత పుట్టాయి. 2022 మే 15న మన దేశపు దేవసహాయం పిళ్ళైతో పాటు పునీతునిగా ప్రకటింపబడ్డారు.

మన విచారణలలోను తాగుడుకు, జూదానికి బానిసలైన బిడ్డలున్న ఇళ్ళు ఉన్నాయి. వారి చేతికి డబ్బు ఇవ్వకపోవటం తప్పు కాదు. అన్నం పెట్టి, తలుపు తీసి ఉంచి, ప్రార్థించటం మాత్రం మానవద్దు.